హడ్మాకు రెండో మహాప్రసాద్

కోంటా వైపు నుంచి వచ్చిన ఎడ్లబండి గొల్లపల్లిలో రామనర్సయ్య దుకాణం ముందు ఆగలేదు. గంటలు మోగించుకుంటూ నేరుగా హడ్మా ఇంటివైపు సాగిపోయింది.

చింతపండు తూస్తున్న రామనర్సయ్య తల ఎత్తి చూశాడు. బండిలో వరిగడ్డి మీద టోపీ పెట్టుకుని కూర్చున్న మనిషి కతల పంతులే. అసలు పేరు ప్రొఫెసర్ భుజంగరావు. మద్రాసులో కాలేజీ పిల్లలకు మానవశాస్త్రం చెబుతాడు. అడవి మనుషుల దేవుళ్లు, వాళ్ల పెళ్లిళ్లు, చావులు, వాళ్లు చెప్పుకునే కథలు, ఇవే ఆయన చదువు. బస్తర్ రాజ్యంలోకి ఆయన రావడం ఇది మూడోసారి. మొదటిసారి వచ్చినప్పుడు ఎండకు సోలిపోయే కుర్ర పంతులు. ఇప్పుడు చెవుల పక్కన జుట్టు నెరిసింది, ఒంటికి కాస్త కండ పట్టింది, రాసిన పుస్తకాలు సముద్రాల అవతల కూడా చదువుతున్నారట.

ఆ పేరంతా ఎక్కడ మొదలైందో రామనర్సయ్యకు తెలుసు. తన దుకాణం వెనక వసారాలో మొదలైంది. చలిజ్వరంతో మూలుగుతున్న పంతులుకు జావ కాచి పోసింది తన భార్య నాగేశ్వరమ్మ. "ఈయన పన్ను వెయ్యడానికి రాలేదు, వెట్టిచాకిరికి పట్టుకుపోవడానికీ రాలేదు" అని ఊరికి నచ్చజెప్పింది తను. ఊళ్లోని దొర్ల తెగవాళ్ల మాట పంతులుకూ, పంతులు మాట దొర్లవాళ్లకూ చేరవేసిన నోరు తనది. అన్నిటినీ మించి, ఊరి వేలుపును కొలిచే పూజారి, వడ్డె హడ్మా దగ్గరికి పంతులును చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది తను. అంత సరుకు తన చేతిమీదుగా పోయినప్పుడు బండి ఒక్క నిమిషం ఆగితే ఏం పోయింది?

"ఏందయ్యా, అట్ల కొయ్యలెక్క నిలబడ్డవ్?" లోపలినుంచి నాగేశ్వరమ్మ అంది. "పంతులు మన గడప తొక్కలేదని కడుపుల మండుతున్నదా?"

"నాకేం మంట? ఎవరిష్టం వాళ్లది."

"మరి ఆ చింతపండు నేల మీద ఎందుకు పోస్తున్నవ్?"

పండు తెచ్చిన బుధ్రి పకపకా నవ్వింది. "నా పండు నాకు తిరిగి ఇచ్చెయ్ సావుకారీ, కడుపు చల్లబడ్డంక తెస్తా."

రామనర్సయ్య వంగి పండు ఏరుకున్నాడు.

హడ్మా అతనికి ఏమవుతాడో చెప్పకపోతే ఆ మంట ఏమిటో తెలియదు. భద్రాచలం వైపు నుంచి ఉప్పు కావళ్లతో అతను ఈ అడవిలోకి వచ్చినప్పుడు మీసాలు నల్లగా ఉన్నాయి. ఒక దసరాకు ఊరివాళ్లంతా రథం లాగడానికి జగదల్పూర్ పోతుంటే తనూ వెంట పోయాడు. అక్కడ జగన్నాథుడి గుడి ముందు హడ్మాతో మహాప్రసాద్ కట్టుకున్నాడు. బస్తర్‌లో అది రక్తం పంచుకున్నంత పని. దేవుడి అన్నం ఒకరికొకరు తినిపించుకుంటారు. ఆ పూట నుంచి ఒకరి పేరు ఒకరు పలకరు. ఎదుటపడ్డా, చీకట్లో కేకేసినా, "మహాప్రసాద్" అనే పిలుచుకోవాలి. ఒకరింటి చావు రెండో ఇంటికీ మైలే.

ఆ రోజు రామనర్సయ్య వేసుకున్నది వ్యాపారి లెక్క. వడ్డె స్నేహితుడి దుకాణానికి ఊరి ఇప్పపువ్వు వస్తుంది, సారపప్పు వస్తుంది, లక్క వస్తుంది. అన్నీ వచ్చాయి. అయితే లెక్కలో లేనిది కూడా ఒకటి వచ్చింది. ఒక వానాకాలం వాగు పొంగి దుకాణం గోడలు కూలితే హడ్మా తన కొడుకులతో వచ్చి, నిట్రాళ్లు నాటి, కప్పు వేసి, ఉప్పు బస్తాలు తన ఇంట్లో ఆరబెట్టి, చేసిన పని ఊసు ఎన్నడూ ఎత్తలేదు. ఇచ్చిపుచ్చుకోవడం తప్ప ఎరగని రామనర్సయ్యకు ఆ తర్వాత ఆ మనిషిని ఏ తక్కెడలో వెయ్యాలో తెలియలేదు. తన అన్నదమ్ములు భద్రాచలంలో ఉన్నారు. వాళ్ల ముఖం చూడకుండా ఏడాది గడపగలడు. హడ్మా రెండు పూటలు కనబడకపోతే ఏదో వంక పెట్టుకుని వాళ్ల వాకిట్లోకి పోతాడు.

ఆ బంధంలో ఒక్క ముల్లు ఉంది. ఊళ్లో కొలుపు జరిగినప్పుడు హడ్మా వేలుపు బుట్ట బయటికి తెస్తాడు. మూత తీసి, వేలుపు పుట్టిన కథ, ఊళ్లు తిరిగిన కథ పాడతాడు. సరిగ్గా మూత మీద చెయ్యి వేసేముందు తన వైపు తిరుగుతాడు. "మహాప్రసాద్, నువ్ బయట కూసో."

మేకను ఇచ్చేది తను. కొత్తగుడ్డ ఇచ్చేది తను. కథ మొదలయ్యేసరికి కంచె బయట కూర్చునేదీ తనే. కోమటి గదా, బయటివాడు గదా, ఇదే ఆచారం కాబోలు అని సర్దుకున్నాడు. పంతులు రెండోసారి వచ్చేదాకా ఆ సర్దుబాటు నిలిచింది. అప్పటికి పంతులు దొర్లవాళ్ల భాష నేర్చుకుని వచ్చాడు, నడుమ మనిషి అవసరం తీరిపోయింది. ఆ కొలుపులో రామనర్సయ్య ఎప్పటిలాగే కంచె బయట కూర్చుని చూస్తే, లోపల, బుట్టకు మూరెడు దూరంలో, బాసింపట్టు వేసుకుని పంతులు! హడ్మా పాడుతున్నాడు, పంతులు రాసుకుంటున్నాడు.

నిన్నగాక మొన్న వచ్చినవాడికి లోపల చోటు. నాకు బయట. ఆ మాట అప్పటినుంచి అతని గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

పొద్దు వాలుతుండగా పంతులు దుకాణానికి వచ్చాడు. నాగేశ్వరమ్మకు నేత చీర, రామనర్సయ్యకు గొడుగు తెచ్చాడు.

"ఏమీ అనుకోకండి రామనర్సయ్య గారూ. ముందు హడ్మా దాదాను చూసి తరువాత మీ దగ్గరికి రావాలని..."

"అనుకునేదేముంది పంతులుగారూ? మీరు పెద్దోళ్లయిండ్రు. దుకాణం యాడికి పోతది, ఈడనే ఉంటది."

"వెక్కిరిస్తున్నారా?"

"మిమ్మల్నా? గొడుగు తెచ్చినోళ్లను ఎక్కిరిస్తమా?"

పంతులు నవ్వి, సంచిలోంచి దళసరి అట్టమీద అంటించిన ఫోటో తీశాడు. హడ్మా ఫోటో. వేలుపు బుట్ట ముందు కూర్చున్నాడు, బుట్ట మూత తీసి ఉంది. లోపల నెమలి ఈకల కట్ట, చిన్న ఇత్తడి గుర్రం, ఎర్రటి గుడ్డ.

"నా పుస్తకంలో మొదటి బొమ్మ ఇదే. మీరు ఎన్నోసార్లు చూసే ఉంటారు గదా ఆ గుర్రాన్ని. పాతకాలపు పోత."

"చూసిన, చూసిన" అన్నాడు రామనర్సయ్య. చూడలేదు. ఆ బుట్టలో గుర్రం ఉందని అతనికి ఆ క్షణం దాకా తెలియదు.

పంతులు గొంతు తగ్గించి, వచ్చిన పని చెప్పాడు. హడ్మా ఇప్పటిదాకా తనకు వేలుపు కథలన్నీ పాడాడు, చివరిది తప్ప. వేలుపు గోదావరి దాటి ఈ అడవికి ఎందుకు వచ్చాడో చెప్పే కథ అది. పెద్ద కొలుపులోనే పాడతారు. ఆ పెద్ద కొలుపు ఈ వారంలోనే ఉంది. "నా సర్వీసంతా ఈ ఒక్క పుస్తకానికే పోసినట్టండి. ఆ కథ లేకపోతే అది తల లేని మొండెం. ఇంకొక్క కోరిక కూడా ఉంది. హడ్మా దాదాతో నేనూ మహాప్రసాద్ కట్టుకోవాలి. ఆయన సరేనన్నాడు. మీరు పెద్దమనిషిగా నిలబడి జరిపించాలి."

రామనర్సయ్య చేతిలోని గొడుగు తెరుచుకుని మళ్లీ మూసుకుంది.

"చూద్దాం" అన్నాడు.

తీసుకున్నది చాలక, మిగిలిన ఒక్కటి కూడా కావాలట!

మరునాడు పొద్దున్నే అడ్డుపుల్లలు వెయ్యడం మొదలుపెట్టాడు. జగన్నాథుడి అన్నం లేనిదే పని జరగదన్నాడు. పంతులు పెట్టెలోంచి పూరీ గుడిలో ఎండబెట్టిన ప్రసాదం పొట్లం తీసి చూపించాడు. మద్రాసు నుంచే సిద్ధమై వచ్చాడు. ఇంటి ఆడమనిషి ఒప్పుకోవాలన్నాడు. హడ్మా భార్య గంగేను అడిగితే ఆమె మూతి మీద కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"కతల పంతులును చూస్తే మా కుక్క గూడ తోకాడిస్తది. నేను వద్దంటనా?"

చివరికి రామనర్సయ్య హడ్మాను ఒంటరిగా పట్టుకున్నాడు. హడ్మా గొడ్డలి పిడి చెక్కుకుంటున్నాడు.

"మహాప్రసాద్, ఒక్క మనిషికి ఇద్దరు మహాప్రసాద్‌లు ఉంటరా?"

"ఎందుకుండొద్దు?" చెక్కుడు ఆపకుండానే అన్నాడు హడ్మా. "నువ్ ఉప్పు ఒక్కరికే అమ్ముతవా?"

"ఉప్పూ ఇదీ ఒకటేనా?"

"కాదు. ఉప్పు కరిగిపోతది."

ఆ జవాబులో తనను పొగిడాడో, పంతులుకు దారి ఇచ్చాడో రామనర్సయ్యకు అంతు చిక్కలేదు. దారిపొడుగునా దాన్ని తిప్పి తిప్పి చూసుకుంటూ ఇంటికి వచ్చాడు. దుకాణంలో కూర్చుని లక్క శుభ్రం చేస్తుండగా పాతమాట ఒకటి తలపుకు వచ్చింది.

తను ఈ ఊరికి కొత్తగా వచ్చిన రోజులు. ఒకసారి హడ్మా తన ఉప్పు కావడి కాసేపు భుజాన వేసుకుని, నడుస్తూ నడుస్తూ, వేలుపు సొరకాయలో కూర్చుని వరదలో కొట్టుకువచ్చిన కథ చెప్పాడు. ఇంకోసారి, వేలుపుకు పెళ్లాం కుదిరిన కథ సగం చెప్పి నవ్వుకున్నాడు. అవును, చెప్పాడు! అప్పట్లో చెప్పేవాడు. జగదల్పూర్‌లో అన్నం తినిపించుకున్న తర్వాత ఒక్క ముక్క చెప్పలేదు. కట్టుకోకముందు నోరు తెరిచి ఉంది. కట్టుకున్నాక మూసుకుంది.

రామనర్సయ్య చేతులు ఆగిపోయాయి. సరుకు ధర పడిందంటే ఎందుకు పడిందని వ్యాపారి కూర్చుని ఏడవడు. పడిందని అందరికంటే ముందు తెలిస్తే చాలు. మహాప్రసాద్ అయినవాడికి హడ్మా కథ చెప్పడు. కారణం ఏదైనా కానీ. పంతులు కోరి కోరి ఆ తాడు తన మెడకు తనే వేసుకుంటున్నాడు. ఇంకేం? ముడి తను బిగిస్తే సరి.

ఆ పూట నుంచి ఊరంతా చూసేలా తిరిగాడు. కొత్త తలపాగా గుడ్డలు తన దుకాణంలోంచే తీశాడు. కొలుపు రోజు పొద్దున్నే అయితే మంచిదని ముహూర్తం తనే చెప్పాడు. కొలుపు అయ్యాక కట్టుకుంటే ఏం లాభం? పంతులు పొంగిపోయాడు. "మీ మనసు వెన్న రామనర్సయ్య గారూ" అన్నాడు.

నాగేశ్వరమ్మకు మాత్రం ఎక్కలేదు. "మొన్నటిదాక పంతులు పేరెత్తితే ముక్కు చిట్లించినవ్. ఇయ్యాల పెండ్లి పెద్దలెక్క ఉరుకుతున్నవ్. ఏంది కత?"

"కత ఉండదు. అదే కత." నవ్వు ఆపుకోలేక చెప్పేశాడు. "నేను మహాప్రసాద్ అయినంక నాకు ఒక్కటన్న చెప్పిండా? పంతులుకు గూడ ఇగ చెప్పడు. చివరి కత లేకుండనే మద్రాసుకు పోతడు."

"ఇంతకాలం ఆ పిలుపు నీదొక్కనిదే ఉండె. దాన్ని తీసుకపోయి పంతులుకు ఇస్తవా?"

"పిలుపుదేముంది? గాలిమాట."

నాగేశ్వరమ్మ చేట ఎత్తుకుంది. "నీకు వ్యాపారం బాగ తెలుసయ్యా" అని లోపలికి పోయింది.

కొలుపు నాటి ఉదయం హడ్మా వాకిలి పేడతో అలికి, ముగ్గుపిండి బదులు బియ్యప్పిండి చల్లారు. హడ్మా, పంతులు ఎదురెదురుగా కూర్చున్నారు. రామనర్సయ్య అడ్డాకు దొప్పలో ప్రసాదం పట్టుకుని నడుమ నిలబడ్డాడు. ఒకరి తలకు ఒకరు గుడ్డ చుట్టుకున్నారు. పంతులు చుట్టింది జారి హడ్మా ముక్కు మీదికి వస్తే ఆడవాళ్లు కేకలు పెట్టి నవ్వారు. చెవిలో పూలు పెట్టుకున్నారు. అన్నం మెతుకులు నోట్లో పెట్టుకున్నారు.

"ఇయ్యాల్టి సంది ఒకరి పేరు ఒకరు తియ్యొద్దు" అన్నాడు రామనర్సయ్య, పెద్దమనిషి గొంతుతో. "ఒకరి మీద ఒకరు గద్దించొద్దు. ఒకరింటికి వచ్చిన కష్టాన్ని ఇంకొకరు పంచుకోవాలె."

హడ్మా లేచి పంతులును కావలించుకున్నాడు. "మహాప్రసాద్" అన్నాడు.

రామనర్సయ్య చేతిలోని దొప్ప నేల మీద పెట్టాడు. ఆ గొంతులో ఆ మాట వేరొకరివైపు పోవడం అతను ఎన్నడూ వినలేదు. సాయంత్రానికి తనదే పైచెయ్యి అవుతుందని గుర్తు చేసుకుని నిలదొక్కుకున్నాడు.

ఎండ పసుపురంగుకు తిరిగేవేళ డోళ్లు మొదలయ్యాయి. ఊరు ఊరంతా వేలుపు ఇంటి వాకిట్లో చేరింది. రామనర్సయ్య ఎవరూ చెప్పకముందే కంచె బయట తన చోటులో కూర్చుని, వెదురుకర్రల సందుల్లోంచి చూస్తున్నాడు. లోపల పంతులు పోయినసారి కూర్చున్న చోటే చూసుకుని కూర్చున్నాడు. పెన్సిలు చెక్కి పెట్టుకున్నాడు. హడ్మా బుట్ట తెచ్చి గద్దె మీద పెట్టాడు. మూత మీద చెయ్యి వెయ్యబోయి ఆగాడు.

రామనర్సయ్య కంచెకు ముఖం ఆనించాడు.

"మహాప్రసాద్" అన్నాడు హడ్మా, పంతులు వైపు తిరిగి. "నువ్ బయట కూసో. అగో, ఆడ, ఆ మహాప్రసాద్ పక్కన."

పంతులుకు అర్థం కాలేదు. "నేను ఎప్పుడూ ఇక్కడే కూర్చున్నాను గదా దాదా!"

"దాదా అనొద్దు. పొద్దుగాలనే గదా అన్నం తిన్నం."

"అదే. అన్నం తిన్నాం. ఇంకా దగ్గరివాణ్ణి అయ్యాను. ఇప్పుడు బయటికి పొమ్మంటే ఎలా?"

హడ్మా డోళ్లవాళ్లను ఆగమని చెయ్యి ఊపాడు. వచ్చి పంతులు ముందు గొంతుక్కూర్చున్నాడు. పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"ఈ కత ఇన్నోళ్లు వేలుపు చేతికిందికి పోతరు. మాకు తప్పదు, మేం ఆయన పిల్లలం. పూజల తప్పు జరిగితే, మేక కొమ్ము వంకరైతే, ఆయనకు కోపమొస్తది. ఇన్నోళ్ల ఇండ్ల మీదికి వస్తడు. నా చిన్న కొడుకును అట్లనే తీసుకపోయిండు. నువ్ ఊరు కానోనివి ఉన్నప్పుడు నాకు భయం లేకుండె. నీ ఇల్లు యాడుందో వేలుపుకు తెల్వదు. ఏరు దాటితే ఇడిచిపెడతడు. ఇయ్యాల నా చేత్తోని నీ నోట్ల అన్నం పెట్టిన. నీ ఇంటికి దారి పడ్డది. ఆడ నీ పెండ్లాం ఉన్నది, బిడ్డలున్నరు. వాళ్లు ఇగ నావోళ్లు. నావోళ్లను నేనెట్ల ఇరికిస్త?"

కంచె సందులోంచి ప్రతి మాటా రామనర్సయ్యకు వినిపించింది.

పంతులు పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కాగితాలు మడిచి, లేచి, తల వంచుకుని బయటికి వచ్చి రామనర్సయ్య పక్కన మట్టిలో కూర్చున్నాడు. వెనక డోళ్లు పుంజుకున్నాయి. ఆ చప్పుడు తెరలోంచి కథ ఎవరికీ వినబడదు. ఆ సంగతి రామనర్సయ్యకంటే బాగా ఎవరికి తెలుసు?

అతను ఓరకంట పంతులు ముఖం చూశాడు. సంతలో నష్టపోయినవాడి ముఖం చూద్దామనుకున్నాడు. పంతులు కళ్లలో నీళ్లున్నాయి, నిజమే. పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

"రామనర్సయ్య గారూ, నేను ఎంతమంది దేవుళ్ల ముందు కూర్చున్నానో లెక్కలేదు. నీలగిరుల్లో, గంజాం కొండల్లో, ఇక్కడ. నన్ను ఎవరూ బయటికి పొమ్మనలేదు. నా మంచితనం చూసి రానిచ్చారని పాఠాలు చెప్పాను, పుస్తకాల్లో రాశాను." ముక్కు చీదుకున్నాడు. "ఎందుకు పొమ్మనలేదో ఇవాళ తెలిసింది. నాకు ఏమైపోయినా వాళ్లకు పోయేదేమీ లేదు."

"చివరి కత పోయింది గదా" అన్నాడు రామనర్సయ్య. తన గొంతు తనకే వింతగా ఉంది.

"పోనివ్వండి. నాకు చెప్పలేదు, ఇందుకు చెప్పలేదు అని రాస్తాను. అంతకంటే పెద్ద అధ్యాయం ఏముంది?" పంతులు అతని మోకాలి మీద చెయ్యి వేశాడు. "మీరు ఇన్నేళ్ల నుంచి ఈ చోట కూర్చుంటున్నారు! ఎంత అదృష్టవంతులండీ!"

రామనర్సయ్య ఆ చెయ్యిని దులుపుకోలేదు గానీ, దులుపుకోవాలనిపించింది.

లెక్క దానంతటదే కళ్లముందు విప్పుకుంది. నిన్నటిదాకా పంతులు దగ్గర కథ ఉంది, తన దగ్గర మనిషి ఉన్నాడు. మనిషి ఉన్నాడనే తెలియక కథ కోసం కుళ్లుకున్నాడు. కంచె బయటి ఈ చారెడు మట్టి అంత ఖరీదైనదని తెలిసే పూటకు, దాని మీద ఇద్దరు కూర్చున్నారు. ఇప్పుడు పంతులు దగ్గర పాత కథలూ ఉన్నాయి, మనిషీ ఉన్నాడు. తను నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేది? పెద్దమనిషిగా నిలబడనని ఒక్క మాట అంటే పంతులు చివరి కథ కూడా రాసుకుని, సంతోషంగా, ఎప్పటికీ ఊరు కానివాడుగానే ఏరు దాటిపోయేవాడు. గుడ్డలు ఇచ్చింది ఎవరు? ముహూర్తం పెట్టింది ఎవరు? దొప్ప పట్టుకుని నడుమ నిలబడింది ఎవరు? బతుకులో ఇంత నష్టపు బేరం అతను చెయ్యలేదు, అదీ ఎవరూ బతిమాలకుండా, ఎదురు తనే తిరిగి తిరిగి.

హడ్మా చిన్న కొడుకు పోయింది వేలుపు కోపానికని కూడా ఇవాళే తెలిసింది. ఆ చావుకు తను మైల పట్టాడు, గుండు చేయించుకున్నాడు. ఎందుకు పోయాడని అడిగితే హడ్మా "జ్వరం" అని ఊరుకున్నాడు.

కథ ముగిసి బుట్ట లోపలికి పోయాక కంచె దగ్గరినుంచి కేక వినిపించింది. "మహాప్రసాద్!"

ఇద్దరూ లేచారు. ఇద్దరూ "ఆ" అన్నారు.

గంగే నవ్వీ నవ్వీ కంచెను పట్టుకుంది. "ఇగ మా ఆయనకు తిప్పలు మొదలైనయ్! ఒకన్ని పిలిస్తే ఇద్దరొస్తున్నరు!"

వాకిలంతా నవ్వింది. పంతులు అందరికంటే గట్టిగా నవ్వాడు. హడ్మా ఎవరిని పిలిచాడో చెప్పలేదు, ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని భోజనాల దగ్గరికి లాక్కుపోయాడు. పట్టు రెండు వైపులా ఒకేలా ఉందా అని రామనర్సయ్య కనిపెట్టి చూశాడు. ఒకేలాగే ఉంది.

పంతులు వెళ్లేనాడు ఇద్దరూ పొలిమేర వాగుదాకా సాగనంపారు. పంతులు హడ్మాను కావలించుకున్నాడు, తర్వాత రామనర్సయ్యనూ కావలించుకున్నాడు. "మీరు లేకపోతే ఇదేదీ జరిగేది కాదు" అన్నాడు. అంతకంటే నిజమైన మాట, అంతకంటే చేదు మాట రామనర్సయ్య వినలేదు. బండి వాగు దిగి, అవతలి గట్టెక్కి, టేకుచెట్ల మధ్య మాయమైంది.

పోయాడు. రామనర్సయ్యకు భుజాలు తేలికయ్యాయి. ఇక దారి తమ ఇద్దరిదే. ఇంటికి చేరేలోగా ఏదో ఒకటి మాట్లాడుకోవచ్చు, పాతరోజుల మాదిరి.

కొంతదూరం నడిచాక హడ్మానే మొదలుపెట్టాడు.

"ఆడ వానికి అన్నం ఎవరు వండుతరు మహాప్రసాద్?"

"ఎవనికి?"

"నా మహాప్రసాద్‌కు."

రామనర్సయ్య అడ్డమొచ్చిన కొమ్మను పక్కకు తోశాడు. "ఇంటామె వండుతది. వంటమనిషి గూడ ఉంటడు. పెద్ద పంతులు."

"చలికి ఆగడు వాడు. దగ్గు గూడ ఉన్నది. ఇన్నవా?"

"ఇనలేదు."

హడ్మా తల ఊపుకుంటూ నడిచాడు. దారిలో పండిన మర్రిపండ్లు తొక్కకుండా పక్కకు జరిగాడు. ఏదో తేల్చుకున్నవాడిలా ఆగాడు.

"తేనె కోసినప్పుడు ఏటా నీకొక సొరబుర్ర నింపి ఇస్త గదా. వానికి గూడ ఇయ్యాలె. దగ్గుకు మంచిది. నీ సరుకు బండ్లు భద్రాచలం పోతయి, ఆడికెల్లి పడవల రాజమండ్రికి చేర్చి రైలెక్కించి పంపు. నాకు ఇంకెవరున్నరు చెప్పుకునేటందుకు? నీ చేత్తోని పోతెనే నాకు నిమ్మలం."

ఇన్నేళ్లలో హడ్మా అతన్ని కోరి అడిగిన పని ఇదొక్కటే. దారిలో బుర్ర పగలకుండా గడ్డి చుట్టాలి, మూతికి మైనం పెట్టాలి, రాజమండ్రి కొట్టువాడికి జాగ్రత్త చెప్పాలి. ప్రతి ఏడూ, తన చేతులతో.

"చిన్న బుర్ర చాలదా?" అన్నాడు చివరికి. "దూరం గదా. పెద్దదైతే బరువు."

"చిన్నది ఎందుకు?" హడ్మా నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీకిచ్చేటంతే."

రామనర్సయ్య కొత్త గొడుగు చంకకింద సర్దుకున్నాడు. "సరే మహాప్రసాద్" అని, మిగిలిన దారంతా ఒక అడుగు ముందే నడిచాడు.